పంక్తిలో ఎడమచేతి మనిషి

అనకాపల్లి గవరపాలెంలో సూర్యనారాయణ గారి టీవీ రిపేరు షాపూ నా డి.టి.పి. సెంటరూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. గోడ సన్నం. అటువైపు ఆయన ఏదైనా సెట్టు బాగుచేసి సౌండు పెంచితే, ఇటువైపు శుభలేఖ టైపు చేస్తున్న నా చెయ్యి ఆగిపోయేది. ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్కన బతకడం వల్ల కుదిరిన వరస.

మాట తక్కువ మనిషి. బుచ్చయ్యపేట వైపు రైతులు సెట్లను గోనెసంచిలో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాళ్లు. ఆయన వెనక మూత విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, చాలాసేపు చెయ్యి పెట్టకుండా చూస్తూ కూర్చునేవాడు.

"ఏటి సూరయ్యా, అలా సూత్తావేటి? సెయ్యి పెట్టవా?" అని రైతు తొందరపెడితే,

"సూడనియ్యి మామా. సూత్తేనే కదా తెలుత్తాది," అనేవాడు.

2006 నాటికి ఆయన పని బాగా తగ్గిపోయింది. పాత సెట్టు బాగుచేయించుకునే ఓపిక జనానికి పోయింది. ఆయనకప్పుడు నలభై ఆరేళ్లు. ఇంకో పని నేర్చుకోక తప్పదనుకుని, మూతపడ్డ ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ తెచ్చుకుని, ఇంటి ముందుగదిలో పెట్టి విప్పుతూ బిగిస్తూ ఉండేవాడు. ఇల్లు షాపు వెనకే.

ఆ ఇంట్లో ముగ్గురే. ఆయన, ఆయన భార్య గంగాభవాని, భవాని తల్లి దేముడమ్మ. దేముడమ్మ ఆయనకు సొంత మేనత్త కూడా. చిన్నప్పుడే తల్లి పోతే ఎత్తుకుని పెంచింది ఆవిడే. పెంచి, తన కూతుర్నిచ్చి పెళ్లి చేసింది. ఆ ఇంటికి సంబంధించిన నాలుగో మనిషి భవాని తమ్ముడు అప్పలరమణ. ఇంట్లో రవణ అనేవాళ్లు. 1999లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. బావ దగ్గరే షాపులో పని నేర్చుకుంటూ ఉండేవాడట. ఏదో అలిగి వెళ్లాడని మాత్రమే నాకు తెలుసు. నేను అక్కడ సెంటర్ పెట్టింది 2001లో. అప్పటికే ఆ ఇంట్లో ఆ పేరు గట్టిగా పలకడం మానేశారు.

2006 ఆగస్టులో గోదావరికి వరదలొచ్చిన రోజులు. పొద్దున తొమ్మిదింటప్పుడు గోడ అవతల నుంచి ఒక కేక వినిపించింది. నేను పరుగెత్తుకెళ్లాను. దేముడమ్మ టీవీ ముందు నేలమీద మోకాళ్ల మీద కూర్చుని, తెర మీద రెండు అరచేతులూ ఆనించి ఉంది. తెర మీద సబ్బు ప్రకటన నడుస్తోంది.

"రవణ! నా రవణ! ఇప్పుడే, ఇప్పుడే కనిపించేడు!"

వంటింట్లోంచి భవాని వచ్చింది. షాపులోంచి బాబాయ్ వచ్చాడు.

"ఎక్కడమ్మా?" అంది భవాని.

"బంతిలో కూకుని తింతన్నాడే. వరద వారతల్లో. ఇలా వచ్చి అలా ఎల్లిపోనాడు."

"నీ కళ్లకి శుక్లాలమ్మా. మొన్న నన్నే పోల్చుకోనేదు నువ్వు. ఎవులో అయ్యుంటాడు."

"మొకం సూసేనని నానన్నానా? సెయ్యి సూసేను. ఇస్తరాకులో ఎడం సెయ్యెట్టి తింతన్నాడు."

ఆ మాటకు అర్థం నాకు తర్వాత తెలిసింది. రవణ ఆరేళ్లప్పుడు బెల్లం దిమ్మలు వేసిన బండి మీంచి పడ్డాడు. కుడి మోచెయ్యి సరిగ్గా అతకలేదు. చెయ్యి పనిచేసేది కాని నోటిదాకా వంగేది కాదు. అందుకని ఎడమ చేత్తోనే తినేవాడు. పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లు చూస్తారని సిగ్గుపడి, ఎప్పుడూ పంక్తి చివరే కూర్చునేవాడట.

ఆ రోజు నుంచి దేముడమ్మ టీవీ ముందు నుంచి కదలలేదు. అది ఇరవై నాలుగ్గంటల వార్తల చానల్. వేసిన వార్తే మళ్లీ వేస్తారు కాబట్టి మళ్లీ కనిపిస్తాడని ఆవిడ నమ్మకం. అన్నం తింటే తల వంచాలి, వంచినప్పుడే వస్తాడేమోనని కంచం పట్టుకోవడం మానేసింది. భవాని పక్కన కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెడితే, కళ్లు తెర మీద నుంచి తీయకుండా మింగేది. నాలుగో రోజు కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయింది. డాక్టరు వచ్చి, నీరసం, నిద్ర లేదు, ఇలాగైతే మనిషి దక్కదు అని చెప్పి వెళ్లాడు.

బాబాయ్ ఆవిడ పక్కన కూర్చుని, మూల బల్ల మీదున్న కంప్యూటర్ చూపించాడు.

"అత్తా, నువ్వు పడుకో. నీ బదులు అది సూత్తాది."

"అదెలా సూత్తాది? దానికి రవణ తెలుసా?"

"తెలీదు. కానీ ఒక్క ముక్క వదలకుండా దాసి ఉంచుతాది. సాయంత్రం నువ్వూ నానూ కూకుని సూద్దాం. ఆపమంటే ఆపుతాది. వెనక్కెల్లమంటే ఎల్తాది."

దేముడమ్మ కాసేపు ఆయన ముఖంలోకి చూసి, చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయన మర్నాడే విశాఖపట్నం వెళ్లి టీవీ ట్యూనర్ కార్డు తెచ్చాడు. అరచెయ్యంత పచ్చని పలక. ఒక చివర కేబుల్ వైరు గుచ్చే రంధ్రం. దాన్ని కంప్యూటర్ లోపల బిగిస్తే, కేబుల్లో వచ్చే చానల్ కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది, కావాలంటే హార్డ్ డిస్కులో రికార్డవుతుంది. పెట్టెలో ఉన్న పుస్తకం మొత్తం ఇంగ్లీషు. నేను చదివి చెప్పేదాన్ని, ఆయన చేసేవాడు. వైర్ల సంగతి వచ్చేసరికి నేను చెప్పేలోపే ఆయన చెయ్యి సరైన చోటికి వెళ్లేది. మౌసు పట్టుకోవాల్సి వస్తే మాత్రం దాన్ని నా వైపు జరిపేసేవాడు.

కార్డు బిగించిన రోజు బొమ్మ వచ్చింది, మాట రాలేదు. కార్డు నుంచి సౌండ్ కార్డుకు పోవాల్సిన చిన్న వైరు పెట్టెలో లేదు. మాట లేకపోతే ఆ బొమ్మ ఏ ఊరిదో తెలియదు. పాత టేప్‌రికార్డర్ లోంచి వైరు తీసి, రెండు చివరలా పిన్నులు సోల్డర్ చేసి ఆయనే ఒకటి తయారుచేశాడు. మర్నాడు పొద్దున ఆరింటికి రికార్డింగ్ మొదలుపెట్టి, సాయంత్రం చూస్తే ఎనిమిదింటికే ఆగిపోయి ఉంది. ఎందుకో తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ డిస్కులో ఒక్కో ఫైలు నాలుగు జీబీలు దాటకూడదట. దాంతో గంటకొక ముక్కగా రికార్డయ్యేలా టైము పెట్టాం. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె పావుగంట ఆదుకుని చేతులెత్తేసింది. సరిగ్గా వరద వార్తల గంటే పాడైపోయింది. బాబాయ్ వెళ్లి ఎవరి దగ్గరో లారీ బ్యాటరీ అడిగి మోసుకొచ్చి తగిలించాడు. కంప్యూటర్ పక్క రేకు విప్పేసి, వేడెక్కకుండా టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి పెట్టాడు. ఇంట్లో మనుషులకు ఆ రోజులన్నీ ఫ్యాను లేదు.

అలా అయిదో రోజుకు గాని పని గాడిలో పడలేదు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు ముక్కలు. దీపాలు పెట్టే వేళకు దేముడమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుడికి వెళ్లినట్టు తయారై కుర్చీలో కూర్చునేది. బాబాయ్ తొందరగా నడిపిస్తూ పోయేవాడు. వరద నీళ్లు, పడవలు, కప్పుల మీద జనం, మంత్రులు, మళ్లీ నీళ్లు. జనం భోంచేస్తున్న బొమ్మ వస్తే ఆవిడ "ఆపు" అనేది. ఆగేది. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వెళ్లి చూసి, "కాదు. నడిపించు," అనేది. నేను సెంటర్ మూసి వెళ్లేముందు కాసేపు అక్కడ నిలబడేదాన్ని. రోజుల తరబడి అదే జరిగింది. డిస్కు నిండినప్పుడల్లా చూసేసినవి చెరిపెయ్యాలి. ప్రతి ముక్కా చెరిపేముందు ఆయన "అత్తా, తీసెయ్యమంటావా?" అని అడిగేవాడు. ఆవిడ తలూపితేనే తీసేవాడు.

పదకొండో సాయంత్రం ఆవిడ "ఆపు" అనలేదు. లేచి నిలబడింది అంతే.

బాబాయ్ ఆపాడు. వెనక్కి తీసుకెళ్లి, ఒక్కొక్క బొమ్మగా ముందుకు జరిపాడు. వరద బాధితులకు భోజనాలంటూ చదువుతున్న వార్త. పొడవాటి పంక్తి. విస్తరాకులు. పసుపు చొక్కా మనిషి ఒకడు సాంబారు బకెట్టు పట్టుకుని తల తిప్పాడు. ఆ వెనక పంక్తి చివర, తలకు తువ్వాలు చుట్టుకున్న సన్నటి మనిషి. అందరి కుడి చేతులూ ఆకుల మీద ఉంటే ఆ ఒక్కడిదీ ఎడమ చెయ్యి. కుడి చెయ్యి మోకాలి మీద, కర్రలా చాచి ఉంది. ముఖం అంతా చిన్న చిన్న గళ్లుగా చెదిరిపోయింది. కానీ ఎవరూ ముఖం కోసం చూడలేదు.

"రవణే," అన్నాడు బాబాయ్.

నేను ఆ బొమ్మను నా ప్రింటర్ మీద పెద్దది చేసి తీసిచ్చాను. దేముడమ్మ కాగితాన్ని వెలుతురులో పట్టుకుని, "సన్నబడిపోనాడు," అంది. భవాని కాగితం ముట్టుకోలేదు. వాకిట్లోకి వెళ్లి నిలబడింది. మర్నాడే వరద శిబిరాలకు బయల్దేరాలని అనుకున్నారు.

మర్నాడు పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి బాబాయ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సత్యవేణీ, ఒకపాలి రామ్మా. ఒకటి సూడాల."

ఇంట్లో ఆడవాళ్లిద్దరూ బట్టలు సర్దుతున్నారు. ఆయన సౌండు తీసేసి, తెర మీద రెండు కిటికీలు పక్కపక్కన తెరిచాడు. ఒకటి నిన్నటిది. రెండోది నాలుగు రోజుల కిందటిది, చెరపకుండా మిగిలిపోయిన ముక్క. అది వరద వార్త కాదు. గుళ్లలో అన్నదానాల గురించి ఏదో కార్యక్రమం. అందులోనూ అదే పంక్తి. అదే పసుపు చొక్కా మనిషి అదే బకెట్టుతో అలాగే తల తిప్పాడు. చివరి మనిషి బొమ్మలోకి వచ్చేలోపే అది మారిపోయింది కాబట్టి ఆ రోజు దేముడమ్మ గుర్తుపట్టలేదు.

"ఇది ఇప్పటిది కాదు," అన్నాడాయన. "పాత బొమ్మ. ఆళ్ల దగ్గర దాసుకున్నది. బోయినాల వారత వచ్చినప్పుడల్లా అతికించి ఏసేత్తన్నారు. ఏ ఊరిదో, ఏ ఏడుదో."

"ఇప్పుడే చెప్పొద్దు బాబాయ్," అన్నాను. "ముందు మీరొక్కరూ కనుక్కోండి. ఆవిడ తట్టుకోలేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒకపాలి దాసేను. ఏడేళ్లు మోసేను. సాలు."

లోపలికి వెళ్లి దేముడమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆవిడ ఒళ్లో కొత్త లుంగీ ఉంది, కొడుకు కోసం సంచీలో పెట్టబోతోంది. ఆయన ముందు బొమ్మ సంగతి చెప్పాడు. ఆవిడకు అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, 1999 సంగతి చెప్పాడు.

ఒక కస్టమర్ తెచ్చిన సెట్టు మూత విప్పి, ముందురోజు సాయంత్రం బాబాయే బల్ల అంచున పెట్టి మర్చిపోయాడు. పొద్దున రవణ ఊడుస్తూ ఉంటే, వంగని మోచెయ్యి తగిలి సెట్టు కిందపడింది. పిక్చర్ ట్యూబు మెడ విరిగి, సెట్టు ఇక పనికిరాకుండా పోయింది. షాపులో నలుగురున్నారు.

"నలుగురి ముందలా సెంప మీద కొట్టేను అత్తా. 'సెయ్యీ వంకరే, బుద్దీ వంకరే' అన్నాను. అది బల్ల అంచున ఎట్టింది నానే. నాకు తెలుసు. ఆడికీ తెలుసు. ఆడు నా మొకం ఒకపాలి సూసి ఎల్లిపోనాడు. నీకూ భవానికీ 'పనంటే బద్దకించి పోనాడు' అని సెప్పేను."

నేను అక్కడ ఉండకూడదనిపించింది కాని కదలలేకపోయాను.

"నాకు తెలుసు సూరీ," అంది దేముడమ్మ.

ఆయన తలెత్తాడు.

"ఆ రోజే తెలుసు. ఆడు నా దగ్గిరికొచ్చేడు. అప్పుడు నాను మార్కెట్టు కాడ ఇంట్లోనే ఉన్నాను కదా. ఏడుత్తా వచ్చి సెంప సూపించేడు. ఏళ్లు అయిదూ కనపడుతున్నాయి. నానేటన్నానో తెలుసా? 'బావ కొట్టకపోతే ఊరోడు కొడతాడేటి? పో, పోయి కాళ్లట్టుకో' అన్నాను. ఆకలేత్తందమ్మా అన్నాడు. పనిలోకెల్లొచ్చినోడికే అన్నం అన్నాను." ఆవిడ లుంగీ మడత విప్పి మళ్లీ మడిచింది. "అన్నం ఎట్టనేదు. నీకు సెప్తే, నీ వల్లే పోనాడనుకుంటావని సెప్పనేదు. నా వల్లే పోనాడని నువ్వనుకుంటావని కూడా సెప్పనేదు."

భవాని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ కళ్లలో నీళ్లు లేవు.

"బాగుంది," అంది. "ఇద్దరూ ఇద్దరే. ఏడేళ్లు నాను కనపడ్డ ప్రతి సాధువు మొకం సూసేను, ఎందుకు పోనాడో తెలీక. ఆడు నాకు తమ్ముడు కాడేటి?"

ఆవిడ లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆ ఇద్దరితోనూ మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, మాట మాత్రం లేదు.

ఇక ఆ పాత బొమ్మ ఏ ఊరిదో తెలుసుకోవాలి. రెండు ముక్కల్లో అన్నదానం కార్యక్రమంలోది కాస్త ముందు నుంచి మొదలవుతుంది. కెమెరా ఒక గోడ మీంచి జరిగి పంక్తి మీదకు వస్తుంది. ఆ గోడ మీద ఏవో అక్షరాలు. బాబాయ్ ఒక్కొక్క బొమ్మే ఆపుతూ పోయాడు. ఏ బొమ్మలోనూ మాట పూర్తిగా లేదు. రంగు పోయి, సగం సగం కనిపిస్తున్నాయి. కానీ సగం అక్షరం చూసి మిగతా సగం చెప్పడం నా రోజువారీ పని. చిరిగిన దరఖాస్తులు, చెదలు తిన్న దస్తావేజులు చూసి టైపు చేసేదాన్ని. కాగితం మీద ఒక్కో ముక్కే రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి 'కోటేశ్వరి అన్నదాన సత్రం' అన్న పేరు నిలబడింది. కింద వరసలో 'రాజమం' దగ్గర గోడ అయిపోయింది. పక్కన వేలాడుతున్న గుడ్డ బ్యానర్ మీద 'పుష్కర' అని ఉంది.

గోదావరి పుష్కరాలు 2003లో. అంటే మూడేళ్ల కిందట రవణ బతికే ఉన్నాడు, రాజమండ్రిలో ఉన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు దేముడమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వూ రా అమ్మా," అంది. "సదివీదానివి నువ్వే కదా."

నలుగురం పొద్దుటి రైలుకు బయల్దేరాం. భవాని కిటికీ దగ్గర కూర్చుని, తుని దాటేదాకా బయటకే చూస్తూ ఉంది. దేముడమ్మ సంచీ ఒళ్లోంచి దించలేదు. బాబాయ్ చొక్కా జేబులో ఆ బొమ్మ కాగితం నాలుగు మడతలు వేసి ఉంది. మాటిమాటికీ దాన్ని తడుముకునేవాడు.

సత్రం గోదావరి గట్టుకు రెండు వీధుల అవతల ఉంది. గోడకు కొత్త సున్నం వేశారు, అక్షరాలు కూడా కొత్తవి. మేనేజరు ఆ ఏడాదే వచ్చినవాడు. కాగితం చూసి, నాకు తెలియదండీ, వంట చేసే ఆవిడ పాతమనిషి, ఆవిణ్ణి అడగండని పిలిపించాడు. ఆవిడ పేరు అప్పలకొండమ్మ. అరవై ఏళ్లుంటాయి. చేతులకు పసుపు, శనగపిండి. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇది మైకు రవణ కదా."

మన వైపు మాట. దేముడమ్మ ఒక్క అడుగు ముందుకేసింది.

"ఎక్కడున్నాడమ్మా?"

అప్పలకొండమ్మ కాగితం మడిచింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. దేముడమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు ఆడి అమ్మవా?" అంది. తర్వాత, "కూకో అమ్మా. ముందు కూకో," అంది.

ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. దేముడమ్మ అక్కడే అరుగు మీద కూర్చుంది. భవాని ఆవిడ పక్కన కూర్చుని, రెండు రోజుల తర్వాత మొదటిసారి తల్లి చెయ్యి పట్టుకుంది. బాబాయ్ నిలబడే ఉన్నాడు.

రవణ ఆ సత్రానికి వచ్చింది 2000లో, అన్నం కోసం. ఆ రోజు దాతల పేర్లు చదివే మైకు గుర్రుమంటూ ఆగిపోతే, తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి దాన్ని విప్పి బాగుచేశాడు. అప్పటి మేనేజరు ఉండిపొమ్మన్నాడు. సామాను గది పక్కన పడుకునేవాడు. మైకులు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు అన్నీ అతనే చూసేవాడు. పుష్కరాల్లో ఆ గట్టు మీద ఉన్న మైకుల్లో సగం అతని చేతి మీదే నడిచాయి. 2004 వానాకాలంలో పచ్చకామెర్లు వచ్చాయి. ముందు ఆకు మందు తిన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. పదిహేను రోజులున్నాడు. సత్రంవాళ్లే గోదావరి ఒడ్డున దహనం చేశారు.

"మాది ఏటికొప్పాక," అంది అప్పలకొండమ్మ. "మాటని బట్టి ఆడిది మావైపే అని కనిపెట్టేను. ఊరు అనకాపల్లి అన్నాడు. ఇంటిపేరు అడిగితే మాత్రం సెప్పీవోడు కాదు. అందుకే కబురెట్టనేకపోయేం అమ్మా. ఆస్పత్రిలో ఉన్నప్పుడూ అడిగేను. 'ఎల్తాను, బాగయ్యేక నానే ఎల్తాను' అన్నాడు."

దేముడమ్మ ఏడవలేదు. "ఇక్కడ కూరలేటి ఏసీవోరు?" అని అడిగింది.

"ఏది దొరికితే అది. పప్పు, సారు, ఒక కూర."

"ఆడికి ఆనపకాయ పడదు."

"తెలుసమ్మా. ఆనపకాయ రోజు ఆడికి పప్పు ఎక్కువేసీదాన్ని."

"కడుపునిండా తినీవోడా?"

"తినీవోడు. ఆకరి బంతిలో, నాతోటే కూకునీవోడు. ఆడికి పెట్టకుండా నానెప్పుడూ తిన్లేదు."

అప్పుడు ఏడ్చింది దేముడమ్మ. గట్టిగా కాదు. తల ఆ వంటావిడ భుజం మీద పెట్టి, చాలాసేపు.

బాబాయ్ అడిగాడు. "మా గురించి ఏటైనా సెప్పీవోడా?"

"నువ్వు ఆడి బావవా?" అందావిడ. "నీ గురించే సెప్పీవోడు బాబూ. 'మా బావ సెట్టు ముందల కూకుని ఊరికే సూత్తాడు, సూసి సూసి ఒకపాలే సెయ్యెడతాడు, బొమ్మ వచ్చెత్తాది' అనీవోడు. ఈడూ అలాగే కూకునీవోడు, మైకు ముందల. మేం నవ్వీవోళ్లం."

"నాను కొట్టేనని సెప్పనేదా?"

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "నేదే. ఆ మాట ఎప్పుడూ ఎత్తనేదు."

బాబాయ్ అరుగు దిగి వీధిలోకి వెళ్లాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భవాని కాసేపు చూసి, లేచి వెళ్లి ఆయన వెనక నిలబడింది. ఆయన తిరిగేదాకా అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నం గోదావరి రేవులో ఆయన గుండు చేయించుకుని, రవణ పేరున తిలోదకాలు వదిలాడు. నీళ్లు ఇంకా ఎర్రగా, ఒండ్రుతో ఉన్నాయి. దేముడమ్మ కొత్త లుంగీ సంచీలోంచి తీసింది. నీళ్లలో వదులుతుందనుకున్నాను. వెనక్కి సత్రానికి నడిచి వెళ్లి, గిన్నెలు తోముతున్న ఒక ముసలాయనకు ఇచ్చి వచ్చింది.

తిరుగు రైల్లో భవాని పొట్లం విప్పి, అప్పలకొండమ్మ కట్టిచ్చిన పులిహోర మూడు ఆకుల్లో పెట్టింది. నాకు ఒకటి, తల్లికి ఒకటి. మూడోది బాబాయ్ ముందుకు జరిపింది.

"తిను బావా," అంది. "పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు."

ఆయన తిన్నాడు.

ఊళ్లోకి వచ్చాక పెద్ద కార్యం పెట్టుకున్నారు. ఎన్నేళ్ల కిందట పోయినా, తెలిసింది ఇప్పుడే కదా. కార్డు అచ్చు వేయించడానికి బాబాయ్ నా సెంటర్ కు వచ్చాడు. నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, ఇంటిపేరుతో సహా పేరు చెప్పాడు. వయసు చెప్పాడు. స్వర్గస్థులైన చోటు రాజమండ్రి అని చెప్పాడు. భోజనాల తేదీ, వేళ చెప్పాడు. నేను అన్నీ టైపు చేసి, సరిచూసుకోమని తెర ఆయన వైపు తిప్పాను.

చాలాసేపు చూశాడు.

"పేరు కింద ఇంకో మాట రాయమ్మా," అన్నాడు. "టీవీ మెకానిక్ అని."

నేను రాశాను. అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యమన్నాడు. చేశాను.